బిళ్ళకు లొంగనిది స్నానానికి లొంగింది

గొర్రెల మంద వెంట నడిచే కుక్కను మీరు చూసే ఉంటారు. మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల్లో అది లేకపోతే కాపరికి రాత్రి కునుకు పట్టదు. అటువంటి కుక్కకు పొట్ట కింద బొచ్చు రాలి, చీము పొక్కులు లేస్తే మనం "గజ్జి పట్టింది" అనేస్తాం. గజ్జి అతి చిన్న పురుగు వల్ల వచ్చేది. చీము పొక్కులు మాత్రం చాలావరకు బాక్టీరియా పని.

కుక్క చర్మం మీద స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బాక్టీరియా మామూలుగానే కాపురముంటుంది. (పేరు చూసి బెదరకండి, 2005లో పెట్టినదే!) పిడుదులు కుట్టి, కుక్క గోక్కొని చర్మం చిట్లితే అది లోపలికి దిగుతుంది.

దాదాపు ప్రతి బాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకుంటుంది. పెన్సిలిన్ జాతి మందులు ఆ గోడ కట్టే మేస్త్రీ చేతులు కట్టేస్తాయి. ఆ జాతిలోదైన మెథిసిలిన్ 1960 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. 1961 నాటికే ఇంగ్లండులో, మనుషులకు సోకే స్టెఫైలోకాకస్‌లో దానికి లొంగని రకాలు బయటపడ్డాయి. మెక్-ఎ అనే జన్యువు వాటికి మందుకు చిక్కని మరో మేస్త్రీని ఇచ్చింది. ఈ శతాబ్ది మొదట్లో కుక్కల బాక్టీరియాలోనూ ఇటువంటివి పెరిగాయి.

మరి దారేది? పైపూత! ఒక లెక్క వేయండి. మింగిన బిళ్ళ రక్తంలో కలిసి చర్మం చేరేసరికి మిల్లీలీటరుకు కొన్ని మైక్రోగ్రాములే ఉంటుంది. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ షాంపూలో మిల్లీలీటరుకు 20,000 మైక్రోగ్రాములు! పైగా దానికి మేస్త్రీతో పని లేదు. ధనావేశం గల దాని అణువులు రుణావేశం గల బాక్టీరియాకు అతుక్కొని, లోపలి పొరకు చిల్లులు పెడతాయి. అయితే నురుగు పట్టించి పది నిమిషాలు ఆగాలి. వెంటనే కడిగితే దండగ. కళ్ళలో, చెవుల్లో పడకూడదు. కడిగేదాకా కుక్కను నాకనివ్వకూడదు. ఫినాయిలు పోయడం వైద్యం కాదు, చర్మం కాలుతుంది. పుండు లోతుగా ఉంటే పైపూత ఒక్కటే చాలదు. తర్వాత మీ చేతులు సబ్బుతో కడుక్కోండి, ఈ బాక్టీరియా అరుదుగా మనుషులకూ సోకుతుంది.

మా ఇంటి కుక్కకు నేనూ మొదట ఇంట్లో మిగిలిన బిళ్ళలే తోచినన్ని రోజులు వేశాను. సైన్సు మాస్టారినై ఉండి! అలా వాడితే లొంగే బాక్టీరియా చచ్చి, మొండివాటికి చోటు దొరుకుతుంది. పశువైద్యుడు చీము తీసి పరీక్షకు పంపారు. బాక్టీరియా పూసిన పళ్ళెంలో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు ఉంచి, బాక్టీరియాను పెరగనిస్తారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. నేను వేసిన మందు బిళ్ళ చుట్టూ వలయమే లేదు.

వారానికి రెండు స్నానాలు మొదలుపెట్టాం. మా పిల్లలు గడియారం పట్టుకొని పది నిమిషాలు లెక్కబెట్టేవారు. నాలుగో వారానికి పొట్ట కింద కొత్త బొచ్చు కనిపించింది.