వృద్ధుల నడక ఏమి చెప్పును?

వయసు మీరిన వారి నడక తడబడినచో ‘ముసలితనము గదా’ యని ఊరకుండుట మన ఇండ్లలో పరిపాటి. కాని ముసలితనము రోగము పేరు కాదు. తడబాటునకు తొడ కండరముల బలహీనత కారణము కావచ్చును. అరికాళ్ళ స్పర్శ తగ్గుట కావచ్చును. మెదడులోని లోపము కావచ్చును. రాత్రి వేసికొను నిద్రమాత్రయైనను కావచ్చును. కారణమును బట్టి చికిత్స మారును. పడి తుంటి ఎముక విరిగిన వృద్ధులలో పలువురు మరల మునుపటివలె నడువలేరు. కనుక పడకముందే కారణమును కనుగొనవలెను.

ఫిజియోథెరపీ చేయువారు ఇందులకు వాడు పరీక్షలలో మిక్కిలి సులువైనది ‘లేచి నడచుట’. 1986లో మథయస్, నాయక్, ఐజాక్స్ అను వారు దీనిని ప్రకటించిరి. 1991లో కెనడాలో పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అను వారు దీనికి గడియారమును జోడించిరి. చేతులున్న కుర్చీ నుండి లేచి, 3 మీటర్లు మామూలుగా నడచి, వెనుదిరిగి వచ్చి కూర్చుండవలెను. ఆరోగ్యవంతులైన వృద్ధులు సుమారు 10 సెకండ్లలో ముగింతురు. 12 సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టినచో పడు ప్రమాదము గలదని అమెరికా వ్యాధి నివారణ సంస్థ సూచించుచున్నది.

అంకె కంటె చూపు ముఖ్యము. 14 సెకండ్లు పట్టిన ఇద్దరిని తీసికొందము. మొదటివారు కుర్చీ చేతులను నొక్కి, రెండు మూడు మారులు ప్రయత్నించి గాని లేవలేరు. లేచిన పిదప నడక బాగుగనే యుండును. ఇది కాళ్ళ బలము తగ్గిన గుర్తు. (విద్యార్థులు పాదములు ముందుకు చాచి, చేతులు కట్టుకొని, నడుము వంచకుండ కుర్చీ నుండి లేవజూడవచ్చును. గరిమనాభి పాదముల మీదికి రానిదే ఎవ్వరును లేవలేరు.) రెండవవారు చక్కగా లేతురు. కాని నడచునపుడు ఒక చేయి ఊగదు. మలుపు వద్ద చిన్న చిన్న అడుగులతో తిరుగుదురు. ఒక్కొక్కప్పుడు పాదము నేలకు అంటుకొనినట్లు నిలిచిపోవును. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వ్యాధిని ఇట్టివారిలో అనుమానించి వైద్యునికి చూపవలెను. మొదటివారికి నేర్పు తొడల వ్యాయామము మాత్రమే వీరికి చాలదు.

కొందరు పగలు బాగుగా నడచి చీకటిలో తూలుదురు. సబ్బుతో ముఖము రుద్దుకొనుచు కన్నులు మూయగనే గోడ పట్టుకొందురు. మనలను నిలబెట్టునవి కన్ను, లోచెవి, పాదముల స్పర్శ. మధుమేహము వలన అరికాళ్ళ నాడులు చెడినవారు ఆ కొరతను కంటితో తీర్చుకొందురు. అందుచేత పాదములు దగ్గరగా చేర్చి కన్నులు మూయుమందురు. చికిత్సకుడు ప్రక్కనే చేతులు చాచి నిలుచును. ఈ పరీక్షకు 19వ శతాబ్దపు జర్మను వైద్యుడు రోంబెర్గ్ పేరు నిలిచినది.

1997లో స్వీడను పరిశోధకులు ప్రకటించిన పరీక్షకు కుర్చీ కూడ అక్కరలేదు. 58 మంది వృద్ధులతో నడచుచు మాట కలిపిరి. 12 మంది బదులు చెప్పుటకై నడక ఆపిరి. వారిలో 10 మంది ఆరు నెలలలో పడిరి. నడకకే మనస్సంతయు వెచ్చించువారికి మాటకు మిగులునది స్వల్పము. అయితే ఆగనివారిలోను కొందరు పడిరి. కనుక దీనినొక్కదానినే నమ్మక, పైవానితో కలిపి చూచుచున్నారు.