ఒకే కడుపున పుట్టిన మాట

ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ నూరుకు పైగా నాటకాలు రచించగా, సంపూర్ణంగా మనకు దక్కినవి 7 మాత్రమే. క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్స్‌లో ప్రదర్శింపబడిందని భావిస్తున్న ‘ఆంటిగొని’ వాటిలో ఒకటి. ఇంతటి ప్రాచీన విషాద నాటకాన్ని నేటి పాఠకునికి అందించేటప్పుడు అనువాదకుడు దేనిని మార్చవచ్చు? దేనిని మార్చరాదు?

కథ మనకు అపరిచితం కాదనిపిస్తుంది. థీబ్స్ సింహాసనం కోసం అన్నదమ్ములిద్దరు పోరాడి ఒకరి చేతిలో ఒకరు మరణిస్తారు. నగరంపై దండెత్తి వచ్చిన పోలినీసెస్ శవానికి అంత్యక్రియలు జరపరాదని రాజు క్రియోన్ శాసిస్తాడు. సోదరి ఆంటిగొని ఆ శాసనాన్ని ధిక్కరించి శవంపై మన్ను చల్లి, మరణశిక్షకు గురి అవుతుంది.

మొదటి పంక్తిలోనే అనువాదకునికి పరీక్ష ఎదురవుతుంది. ఆంటిగొని తన సోదరి ఇస్మీనిని ‘శిరస్సు’ అని సంబోధిస్తుంది. గ్రీకులో అది ఆప్యాయత. మన భాషలో యథాతథంగా పెడితే నవ్వు వస్తుంది. కనుక దానిని వదలవలసిందే. కాని పక్కనే ఉన్న మరొక మాటను వదలరాదు. సోదర వాచకమైన గ్రీకు పదం ‘అడెల్ఫోస్’కు మూలార్థం ఒకే గర్భాన జన్మించినవాడు. మన ‘సహోదర’ శబ్దానికీ అర్థం అదే. ఈ అక్కచెల్లెళ్ల తండ్రి ఈడిపస్ తెలియక తన తల్లినే వివాహమాడినవాడు. అంటే ఆ తండ్రి కూడా ఆ కడుపున పుట్టినవాడే. ‘అక్కా’ అనో ‘చెల్లీ’ అనో సరిపెడితే ఆ చీకటి నీడ మాయమవుతుంది. ‘ఒకే కడుపున పుట్టినదానా’ అంటే నిలుస్తుంది.

అసలైన చిక్కు చివర ఉన్నది. మొదట దేవతల అలిఖిత ధర్మాన్ని పాటించానన్న ఆంటిగొని, మృత్యుముఖాన మరొక మాట చెబుతుంది: భర్త గాని బిడ్డ గాని పోతే మరొకరు లభించవచ్చు, తల్లిదండ్రులు గతించాక మరొక సోదరుడు పుట్టడు, వారి కోసం ఇంత సాహసం చేసి ఉండేదాన్ని కాను. ఈ మాటలు మహాకవి గెటేకు రుచించలేదు. ఇవి సోఫోక్లిస్‌వి కావని పండితులెవరైనా నిరూపిస్తే బాగుండునని 1827లో ఆయన అన్నాడు. కొందరు అనువాదకులు ఈ భాగాన్ని విడిచిపెట్టారు కూడా. అయితే క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ దీనిని ఆంటిగొని మాటగా ఉదహరించాడు.

తెలుగు పాఠకునికి ఈ వాదం వింత కాదు. యుద్ధకాండలో లక్ష్మణుడు నేలకొరిగినప్పుడు శ్రీరాముని విలాపంలోనూ ఇదే భావం వినిపిస్తుంది: భార్యలు, బంధువులు ఎక్కడైనా లభిస్తారు, సహోదరుడు లభించడు. లక్ష్మణుడు సుమిత్రాతనయుడని తెలిసి కూడా ఆ శోకంలో మనం తర్కం వెదకము.

ఆంటిగొని విషయంలోనూ అంతే. ఆ మాటలు తొలగిస్తే ఆమె ధర్మం కోసం పోరాడిన ప్రతిమగా మిగులుతుంది. ఉంచితే, చావు ఎదుట తనకు తానే సమాధానం చెప్పుకుంటున్న ఒక ఆడపడుచు కనబడుతుంది. పరాయి నుడికారాన్ని మన నుడికారంగా మార్చడం అనువాదకుని హక్కు. మనకు ఇబ్బంది కలిగించే మాటను మన ముందు నిలపడం ఆయన విధి అని మేము భావిస్తున్నాము.