ఫోనులో బొమ్మ, కాగితం మీద బొమ్మ



పోయిన నెల మన డార్మిటరీలో ఒక వాదన జరిగింది. ఫోనులో బొమ్మ గీయడం గొప్పా, కాగితం మీద గీయడం గొప్పా అని. ఎనిమిదో తరగతి చెల్లెళ్ళందరూ ఫోనే అన్నారు. నేను రెండూ చేసి చూసేను కాబట్టి రాస్తున్నాను. (హాస్టల్లో కాదు, వేసవి సెలవుల్లో మా ఊళ్ళో. వార్డెన్ మేడం గారు కంగారు పడొద్దు.)

మేము సవరలం. మా తాత ఇంటి లోపల గోడ మీద ఒక బొమ్మ ఉంది. గోడకి ఎర్రమట్టి పూసి, ఆరిన తర్వాత బియ్యప్పిండి నీళ్ళతో కలిపి, కొన నలగ్గొట్టిన పుల్లతో గీస్తారు. ముందు చుట్టూ గడి గీసి, దాని లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగు, చెట్టు, సూర్యుడు, చంద్రుడు వేస్తారు. మనిషి ఒళ్ళు రెండు ముక్కోణాలు కలిపినట్టు ఉంటుంది. ఇది ఇంటికి అందం కోసం వేసింది కాదు. పెద్దల కోసం, దేవతల కోసం వేసి దాని ముందు పూజ చేస్తారు. ఇప్పుడు మాకు కొత్త ఇల్లు కడుతున్నారు. సంక్రాంతి తర్వాత ఆ మట్టిగోడ తీసేస్తారట. తాత చెయ్యి వణుకుతుంది, మళ్ళీ గీయలేడు. అందుకే ఆ బొమ్మ దించుకోవాలనుకున్నాను.

ఫోటో తీసుకోవచ్చు కదా అంటారు. తీసేం. ఆ గదికి కిటికీ లేదు, పొయ్యి పొగకి గోడ నల్లబడింది, ఫోటోలో సగం కనపడలేదు. పైగా ఏ గీత ముందు, ఏది తర్వాత అన్నది ఫోటో చెప్పదు.

మా అన్న ఫోనులో ఐబిస్ పెయింట్ అనే యాప్ ఉంది. అందులో పొరలు ఉంటాయి. పలచటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు అన్నమాట. ఒక పొరలో ఎర్రమట్టి రంగు నింపేను, ఇంకో పొరలో తెల్లగీతలు వేసేను. తప్పు పోతే వెనక్కి బాణం నొక్కితే చాలు. తాత నవ్వి, "నాకూ ఉందే ఆ బాణం" అన్నాడు. ఆయన తప్పు పోతే ఎర్రమట్టి ముంచిన గుడ్డతో తుడిచేస్తాడు కదా! ఇంకో మంచి సంగతి, మనం గీసిందంతా ఆ యాప్ మొదటినుంచి వీడియోలాగ చూపిస్తుంది. అది చూసి తాత, "గుర్రం కాదు, దాని మీద మనిషిని ముందు వెయ్యాలి" అని దిద్దేడు.

తర్వాత తాత చేతికే ఫోను ఇచ్చేను. ఎంత రాసినా గీత పడలేదు. "ఈ పెట్టెకి నేనంటే గిట్టదేటే?" అన్నాడు. నాకు చాలా బాధ వేసింది. సెలవులయ్యాక సైన్సు మాస్టారిని అడిగేను. ఫోను అద్దం కింద కంటికి కనపడని సన్నటి తీగెల వల ఉంటుందట, దానిలో కొంచెం విద్యుత్తు ఉంటుంది. మన ఒంటిలో విద్యుత్తు ప్రవహించగలదు కాబట్టి వేలు ఆనితే అక్కడ మార్పు వస్తుంది, ఫోను దాన్ని పట్టుకుంటుంది. మామూలు ప్లాస్టిక్ పెన్నుతో రాస్తే పట్టుకోదు. పార, గొడ్డలి పట్టి కాయలు కాసిన వేలి చర్మం మందంగా, ఎండిపోయి ఉంటుంది. అందుకని ఒక్కోసారి ఫోను దాన్ని గుర్తించదు. వేలు కొంచెం తడి చేసుకుంటే పని చేస్తుంది కానీ అద్దం మీద నీటి చుక్కలు పడితే గీత దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది.

రంగుల సంగతి కూడా తమాషాగా ఉంటుంది. కాగితం మీద నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ వస్తుంది. ఫోనులో పసుపు రంగు అంటే ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు పక్కపక్కన ఉండటమే. అద్దం మీద చిన్న నీటి చుక్క వేసి చూడండి, ఆ చుక్కలు పెద్దగా కనపడతాయి.

కానీ ఫోను అరచెయ్యంత ఉంటుంది, గోడ రెండు బారలు ఉంటుంది. గుర్రం కాళ్ళు వేయడానికి బొమ్మని పెద్దది చేస్తే మిగతా గోడ కనపడదు. అందుకే నా గుర్రం కుక్కలాగ వచ్చింది. వేలు ఎంత గట్టిగా నొక్కినా గీత ఒకేలాగ ఉంటుంది.

పెన్సిలు అలా కాదు, చేతి బరువు తెలుస్తుంది. పెన్సిల్లో ఉండేది సీసం కాదు, గ్రాఫైటు, బంకమట్టి కలిపి కాల్చిన కడ్డీ. 1795లో ఫ్రాన్సులో కోంటే అనే ఆయన ఈ పద్ధతి కనిపెట్టేడు. మట్టి ఎక్కువైతే గట్టి పెన్సిలు, దాని మీద హెచ్ ఉంటుంది. గ్రాఫైటు ఎక్కువైతే మెత్తగా, నల్లగా రాస్తుంది, అది బి. మన పరీక్ష పెన్సిలు హెచ్‌బి, రెండింటికీ మధ్యది.

కాగితం మీద కూడా సగం బొమ్మ దించేను. వానలకి నా పెట్టెలోకి నీరు దిగింది. స్కెచ్ పెన్ గీతలన్నీ కారిపోయేయి. పెన్సిలు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. దసరాకి ఇంటికి వెళ్ళి ఫోనులో బొమ్మ అడిగితే, ఫోనులో జాగా చాలక యాప్ తీసేసేనన్నాడు అన్న. గ్యాలరీలో దాచుకోకపోతే యాప్‌తోపాటు బొమ్మలు కూడా పోతాయని మాకు తెలీదు. తాత దిద్దిన వరస కూడా దానితోనే పోయింది. అన్న మీద రెండు రోజులు అలిగేను.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది మరకలు పడిన ఆ సగం కాగితమే. సంక్రాంతి సెలవుల్లో మిగతా సగం తాతని పక్కన కూర్చోబెట్టుకుని గీయాలి. ఏది ముందు వెయ్యాలో పక్కన అంకెలు వేసుకుంటాను. వార్డెన్ మేడం గారూ, వార్షికోత్సవానికి తెచ్చిన చార్టుల్లో రెండు మిగిలితే నాకు ఇప్పించండి. ఒక 4బి పెన్సిలు కూడా.

– 9వ తరగతి