కంప్యూటరు పంకా రొద

ఒకే గది ఇల్లు. రాత్రి పది గంటలయింది. ఒక మూల చంటిపిల్ల నిద్రపోతున్నది. మరొక మూల అన్న పరీక్ష కోసం కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఉన్నట్టుండి బల్ల కింది పెట్టెలోంచి "ఝుయ్" మని రొద బయలుదేరింది. చంటిది లేచి ఏడుపు లంకించుకున్నది. ఇటువంటప్పుడు, "ఆ పంకా తీగ పీకేస్తే సరి!" అనేవాళ్ళు ఉంటారు.

పిల్లలూ, ఆ పని మాత్రం చెయ్యకండి. రొద తగ్గించే దారులు వేరే ఉన్నాయి. ముందు ఆ పంకా ఎందుకు తిరుగుతున్నదో తెలుసుకుందాం.

కంప్యూటరులో లెక్కలన్నీ చేసేది ప్రాసెసరు. దాని లోపల అసలు పని జరిగే సిలికాన్ పలక ఇంచుమించు మీ బొటనవేలి గోరంత ఉంటుంది. అది తీసుకున్న విద్యుత్తు అంతా చివరకు వేడిగా మారుతుంది. 1981లో వచ్చిన ఐ.బి.ఎమ్. పర్సనల్ కంప్యూటరులో ప్రాసెసరుకు విడిగా పంకా లేదు. అది వాడుకునేది ఒకటి రెండు వాట్లే. ఇప్పటి బల్ల కంప్యూటరు ప్రాసెసరు గట్టిగా పనిచేసేటప్పుడు 65 వాట్లు, ఒక్కొక్కటి 100 వాట్లకు పైగా కూడా వాడుకుంటుంది. పాతకాలపు 60 వాట్ల బల్బును ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేదని మీ తాతగారిని అడిగితే చెబుతారు. అంతకు మించిన వేడి గోరంత చోటులో పుడుతున్నదన్నమాట!

వేడి టీని సాసరులో పోస్తే తొందరగా చల్లారుతుంది. ఎందుకు? గాలి తగిలే చోటు పెరిగింది గనక. ప్రాసెసరు మీద కూర్చున్న అల్యూమినియం లేక రాగి దిమ్మకు పలచని రేకులు వరసగా ఉండేది అందుకే. మోటారు సైకిలు ఇంజనుకూ అటువంటి రేకులే ఉంటాయి. అయితే మోటారు సైకిలు పరుగెడుతుంది, గాలి తనంతట అదే తగులుతుంది. కంప్యూటరు కదలదు కనక పంకా విసరాలి.

మరి ఎంత వేడి వరకు భయం లేదు? 60 డిగ్రీల నీళ్ళు మన చేతిని కాలుస్తాయి గాని, ప్రాసెసరుకు అది లెక్క కాదు. చాలా ప్రాసెసర్లకు పై హద్దు 90 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. హద్దు చేరగానే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి పెరిగితే కంప్యూటరు టక్కున ఆగిపోతుంది. పంకా తీగ పీకిన అన్నగారికి జరిగేది ఇదే: మొదట పని నత్తనడక, ఆ తరవాత దాచుకోని జవాబులన్నీ మాయం!

కాని గట్టి పనిలో 70, 75 డిగ్రీలు కనిపించాయని పెద్దలు గాబరా పడనక్కరలేదు. కొందరు 50 దాటకూడదని పంకాను పూర్తి వేగంతో తిప్పుతారు. వాళ్ళకు మిగిలేది రొదే అని నా అభిప్రాయం.

దీనికి ఒక చక్కని లెక్క ఉన్నది. పంకా వేగం సగం చేస్తే వీచే గాలీ ఇంచుమించు సగమవుతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెళ్ళు పడిపోతుంది. 10 డెసిబెళ్ళు తగ్గితేనే మన చెవికి చప్పుడు సగమయినట్టు తోస్తుంది! అంటే హద్దుకు చాలా దిగువన ఉన్న ప్రాసెసరును మరికొన్ని డిగ్రీలు వేడెక్కనిస్తే బోలెడంత నిశ్శబ్దం దొరుకుతుంది. 8 సెంటీమీటర్ల పంకా బదులు 12 సెంటీమీటర్లది పట్టే చోటుంటే మరీ మంచిది. పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరిగినా అంత గాలినీ తోస్తాయి.

ఏ వేడి దగ్గర పంకా ఎంత వేగంతో తిరగాలో ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి మనమే చెప్పవచ్చు. పెద్దవాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని చెయ్యండి. 50 డిగ్రీల దాకా నెమ్మదిగా తిరగమని, ఆపైన కొంచెం కొంచెంగా వేగం పెంచమని, 85 దగ్గర పూర్తి వేగం అందుకోమని పెట్టి చూడండి. వేగం మారేముందు కొన్ని సెకన్లు ఆగే ఏర్పాటు ఉంటే అదీ పెట్టండి. పంకా మాటిమాటికీ హెచ్చి తగ్గుతుంటే చాలా చికాకు. ఏళ్ళ తరబడి తరగతి గదుల గోల విన్న చెవులివి. ఏకధాటి చప్పుడును అవి ఇట్టే మరిచిపోతాయి, ఎగుడుదిగుడు చప్పుడును మరవలేవు.

ఆ తరవాత ఒక ఇరవై నిమిషాలు కంప్యూటరుకు గట్టి పని చెప్పి, వేడి ఎక్కడ నిలుస్తుందో చూడండి. చూసిన నెల కూడా రాసుకోండి. పంకా విసిరేది గదిలో ఉన్న గాలినే కదా! జనవరిలో గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు 72 దగ్గర నిలిచిందనుకోండి. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గది 40 డిగ్రీలయితే, అదే పనికి అదే పంకా వేగంతో అది సుమారు 87కు చేరుతుంది. అందుకని వేసవిలో మళ్ళీ చూడాలి.

వేసవి రాకముందే రేకుల మధ్య చేరిన దుమ్ము దులపాలి. దుమ్ము పట్టితే గాలి ఆడదు, పంకా ఇంకా వేగంగా తిరగవలసి వస్తుంది. కరెంటు తీగ ఊడదీసి, రెక్కలు గిరగిర తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని కుంచెతో దులిపించండి. పెట్టెను గోడకు ఆనించకండి, మూసిన అరలో దాచకండి. అలా చేస్తే అది వదిలిన వేడిగాలినే మళ్ళీ పీలుస్తుంది.

ఇంత చేసినా "కిర్రు కిర్రు" మంటున్నదంటే అది గాలి చప్పుడు కాదు, బేరింగు అరిగిపోయింది. ఇక పంకా మార్చవలసిందే.