నురగకు చక్కెర కావాలా? విశేషాలు చూడండి

తలకు రాసుకున్న షాంపూ డ్రైనేజీలోకి పోతుంది. పురుగుమందులో కలిపిన స్ప్రెడర్ నేలలోకి ఇంకుతుంది. రెండింటిలోనూ పనిచేసేది సర్ఫ్యాక్టెంటే. ఎంత నురగ వచ్చిందన్నది కాదు, పనయ్యాక అది ఏమైపోయిందన్నదే అసలు ప్రశ్న. ఆ లెక్కన చక్కెర నుంచి తయారయ్యే రకాలకు మంచి మార్కులే వస్తాయి.

నీటికో కొస, నూనెకో కొస
సర్ఫ్యాక్టెంట్ అణువుకు ఒక కొస నీటితో, రెండోది నూనెతో కలుస్తుంది. ఒకటి జిడ్డును పట్టుకుంటే, రెండోది దాన్ని నీళ్లలోకి లాగేస్తుంది. చక్కెర రకాల్లో ముఖ్యమైన ఆల్కైల్ పాలీగ్లూకోసైడ్లలో నీటి కొస గ్లూకోజ్. దాన్ని ఎక్కువగా మొక్కజొన్న పిండిపదార్థం నుంచి తీస్తారు. నూనె కొస కొబ్బరి నూనె నుంచో, పామ్ గింజల నూనె నుంచో వస్తుంది.

పుట్టుక 1893లో, ఫ్యాక్టరీ 1992లో
చక్కెరనూ ఆల్కహాల్‌నూ ఆమ్లంతో కలిపి గ్లూకోసైడ్లు తయారుచేయవచ్చని జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ 1893లోనే చూపించాడు. చక్కెరల మీద చేసిన పరిశోధనలకు గాను 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. చిక్కల్లా తయారీలోనే. చక్కెర నూనెలాంటి ఆల్కహాల్‌లో కరగదు, వేడెక్కితే మాడి నల్లబడుతుంది. ఈ ఇబ్బందులన్నీ దాటి హెంకెల్ కంపెనీ 1992లో అమెరికాలోని సిన్సినాటిలో పెద్ద ఫ్యాక్టరీ పెట్టేసరికి దాదాపు వందేళ్లు పట్టింది.

కుంకుడుకాయలోనూ చక్కెరే
తలంటుకు, పట్టుచీరలకు, బంగారు నగలకు మనవాళ్లు వాడే కుంకుడు రసం నురగకు కారణం సపోనిన్లు. వాటి అణువులో నీటి కొసగా ఉండేవి చక్కెర గొలుసులే. శీకాయలోనూ ఇవే ఉంటాయి.

నదులు నురగలు కక్కిన రోజులు
1950లలో జర్మనీ, అమెరికా నదుల మీద నురగ మేటలు వేసింది. అప్పటి డిటర్జెంట్ అణువుల తోక కొమ్మలు కొమ్మలుగా ఉండేది. బ్యాక్టీరియాకు దాన్ని విరగ్గొట్టడం సాధ్యమయ్యేది కాదు. జర్మనీ 1961లో చట్టం చేసింది. అమెరికా పరిశ్రమ 1965 నాటికి తిన్నని తోక ఉన్న రకాలకు మారింది. మన దగ్గర శుద్ధిచేయని మురుగు చెరువుల్లోకి చేరుతూనే ఉంది. అందుకే గట్టి వాన పడితే హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి దగ్గర ధరణినగర్ వీధుల్లోకి నాలా నురగ పొంగుకొస్తుంది.

28 రోజుల పరీక్ష
'సులభంగా విచ్ఛిన్నమవుతుంది' అనిపించుకోవాలంటే ఓఈసీడీ పరీక్ష నెగ్గాలి. ఆ పదార్థాన్ని తిని సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తారు. 28 రోజుల్లో అది, లెక్క ప్రకారం రావాల్సిన మొత్తంలో కనీసం 60 శాతానికి చేరాలి. ఆల్కైల్ పాలీగ్లూకోసైడ్లు ఇందులో నెగ్గుతాయి. అంతేకాదు, గాలి అందని బురదలోనూ అవి విరిగిపోతాయి. బట్టల పొడుల్లో ఎక్కువగా వాడే ఎల్ఏఎస్‌ రకానికి అది అంత సులువు కాదు.

బోరు నీళ్లకు జంకదు
ఉప్పదనం ఉన్న బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, బకెట్ చుట్టూ తెల్లటి తెట్టు కడుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టేయడమే కారణం. గ్లూకోసైడ్లకు విద్యుదావేశం లేదు కాబట్టి వాటికి ఈ బెడద తక్కువ. చర్మానికి సౌమ్యంగా ఉంటాయని పిల్లల షాంపూల్లో, ఫేస్‌వాష్‌లలో వాడతారు.

కాబేజీ ఆకు మీద ఒక చుక్క
కాబేజీ ఆకు మీద నీటి చుక్క వేయండి. గుండ్రంగా నిలిచి, ఆకు వంచగానే జారిపోతుంది. కుంకుడు రసం కలిపిన నీటి చుక్క వేస్తే పరుచుకుంటుంది. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్ల దాకా ఉంటుంది. సర్ఫ్యాక్టెంట్ కలిస్తే అది 30 దగ్గరికి పడిపోతుంది. మందు కొట్టేటప్పుడు స్ప్రెడర్ కలిపేది ఇందుకే. వేపనూనెలో రైతులు సబ్బుపొడి కలిపేది ముఖ్యంగా నూనె నీళ్లలో కలిసేందుకు. మోతాదు మించితే మాత్రం మందు ఆకు మీద నిలవకుండా నేలపాలవుతుంది. ఉప్పుల గాఢత ఎక్కువున్న కలుపుమందుల్లోనూ విడిపోకుండా ఉండటం పాలీగ్లూకోసైడ్ల ప్రత్యేకత.

మందుకు తోడు వెళ్లేదీ ముఖ్యమే
గ్లైఫోసేట్ కలుపుమందుల్లో పశువుల కొవ్వు నుంచి తయారైన పీఓఈఏ అనే సర్ఫ్యాక్టెంట్ కలిపేవారు. జలచరాలకు అది గ్లైఫోసేట్ కన్నా ఎక్కువ హాని చేస్తుందని తేలింది. యూరోపియన్ యూనియన్ 2016లో గ్లైఫోసేట్ మందుల్లో దాని వాడకాన్ని నిషేధించింది.

తుమ్మెద తేనెలో దొరికిన ఈస్ట్
బంబుల్ తుమ్మెదల తేనెలో దొరికిన స్టార్మెరెల్లా బాంబికోలా అనే ఈస్ట్‌కు చక్కెర, నూనె మేపితే సోఫోరోలిపిడ్లు అనే సర్ఫ్యాక్టెంట్లను తయారుచేస్తుంది. జపాన్‌లోని సరాయా కంపెనీ వీటిని గిన్నెలు తోమే ద్రావణాల్లో వాడుతోంది. బ్యాక్టీరియాతో రామ్నోలిపిడ్లు అనే ఇలాంటి సర్ఫ్యాక్టెంట్లనే తయారుచేసే ఫ్యాక్టరీని ఎవోనిక్ కంపెనీ 2024లో స్లొవేకియాలో ప్రారంభించింది.

సహజమైనదంతా నిరపాయం కాదు
అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2017కు 'ఈ ఏటి అలర్జీ కారకం'గా ఆల్కైల్ గ్లూకోసైడ్లనే ఎంచింది. ఇబ్బంది పడేవారు కొద్దిమందే అయినా దురద, మంట కనిపిస్తే చర్మవైద్యులను కలవాలి. కుంకుడు సపోనిన్లు చేపలకు విషం. పామ్ నూనె తోటల కోసం ఇండోనేషియా, మలేసియాల్లో అడవులు నరికారన్నదీ నిజమే.

సీసా వెనక ఏముందో చదవండి
ముందువైపు 'సహజం' అని ఉంటే సరిపోదు. వెనక డెసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్, లారిల్ గ్లూకోసైడ్ అన్న చక్కెర రకాల పేర్లున్నాయేమో చూడండి. రైతులు స్ప్రెడర్ కొనేటప్పుడు అందులో ఏముందని దుకాణంలో గట్టిగా అడగండి. స్ప్రేయర్ కడిగిన నీళ్లను మాత్రం చెరువులో, కాలువలో పోయకండి. ఏ సర్ఫ్యాక్టెంట్ అయినా, చక్కెరదైనా సరే, విరిగిపోయే లోపల నీటిలోని ప్రాణులకు కీడు చేయగలదు.