అండమాన్ దీవుల్లో హాకీ ప్రసారం: మీడియం వేవ్ రేడియో ఇంకా ఎందుకు అవసరం?

శ్రీ విజయపురం: రూర్కెలాలో 2025 ఫిబ్రవరి 1న జరిగిన హాకీ ఇండియా లీగ్ పురుషుల ఫైనల్‌లో హైదరాబాద్ తూఫాన్స్‌పై బెంగాల్ టైగర్స్ 4-3 గోల్స్ తేడాతో విజయం సాధించింది. జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ నమోదు చేశాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో బెంగాలీ మాతృభాషగా గలవారు 28 శాతం, తెలుగువారు 13 శాతం ఉన్నారు. తెలుగువారిలో అధికులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వెళ్లినవారే. ప్రధాన భూభాగానికి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవులకు ఇలాంటి పోటీల విశేషాలు చేరవేయడంలో రేడియోకు ప్రత్యేక స్థానం ఉంది.

పోర్ట్ బ్లెయిర్‌లో ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది. తెలుగు సహా పలు భాషల్లో కార్యక్రమాలు అందించిన ఈ కేంద్రానికి మీడియం వేవ్ ప్రధాన ఆధారం. ఎఫ్ఎం తరంగాలు దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తాయి కాబట్టి కొండలు, భూగోళపు వంపు వాటికి అడ్డుపడతాయి. మీడియం వేవ్ తరంగాలు ఉపరితలాన్ని అంటిపెట్టుకొని సాగుతాయి. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం కావడంతో అవి నేలమీద కంటే సముద్రంపై చాలా ఎక్కువ దూరం వెళ్తాయి. రాత్రివేళ అయనావరణంలోని దిగువ పొర బలహీనపడి, పై పొరల నుంచి పరావర్తనం చెందిన దూర కేంద్రాల ధ్వని కూడా వినిపిస్తుంది. అయితే అది హెచ్చుతగ్గులకు లోనవుతుంది.

హాకీ వ్యాఖ్యానం క్రికెట్ వ్యాఖ్యానం కంటే కష్టం. బంతికీ బంతికీ మధ్య విరామం ఉండదు. బంతి ఎవరి వద్ద ఉంది, మైదానంలో ఏ భాగంలో ఉంది, గోల్ ముందున్న 'డి' వలయంలోకి చేరిందా అన్నది క్షణాల్లో చెప్పాలి. పెనాల్టీ కార్నర్ సన్నాహాల సమయంలోనే వ్యాఖ్యాతకు కాస్త ఊపిరి తీసుకునే వీలు చిక్కుతుంది. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో పాకిస్థాన్‌పై 2-1తో భారత్ గెలిచిన ప్రపంచ కప్ ఫైనల్‌ను దేశం జస్‌దేవ్ సింగ్ గొంతులోనే విన్నది. గోల్ స్తంభాన్ని తాకి వెనక్కి వచ్చిన అశోక్ కుమార్ బంతి గోల్‌గా ప్రకటితమైనదీ లేనిదీ శ్రోతకు తెలియడానికి ఆ గొంతు తప్ప మరో ఆధారం లేదు.

చెన్నై నుంచి దీవులకు వేసిన సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్‌తో ప్రధాన దీవుల్లో మొబైల్ ఫోన్‌లోనే పోటీలు చూసే వీలు కలిగింది. కానీ తీరం దాటిన చేపల పడవకు కేబుల్ చేరదు, మొబైల్ సంకేతమూ కొంత దూరమే అందుతుంది.

దేశంలో పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు క్రమంగా మూతపడుతున్న తరుణంలో ఈ అంశం క్రీడాభిమానులకే పరిమితం కాదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ సమయంలో టెలిఫోన్ వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు దీవుల సమాచారాన్ని బయటి ప్రపంచానికి చేర్చిన మార్గాల్లో హామ్ రేడియో ఒకటి. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో సెట్టుకు ఇంటర్నెట్ గానీ, టవర్ గానీ అవసరం లేదు. హాకీ స్కోరు వినిపించే ఆ సెట్టే వాతావరణ హెచ్చరికనూ వినిపిస్తుంది.