తెర వెనక మనిషి

మన జంగారెడ్డిగూడెం వైపు పెద్దవాళ్ల దగ్గర కేతిగాడు, బంగారక్క పేర్లు ఎత్తి చూడండి. ముందు నవ్వు వస్తుంది. ఆ తర్వాత మాట వస్తుంది. ఆ ఇద్దరూ తోలుబొమ్మలాటలో హాస్యగాళ్లు.

పగటివేషగాడు వేషం తనే వేసుకుంటాడు. పగలే మన గుమ్మంలోకి వస్తాడు. తోలుబొమ్మలాటగాడు అలా కాదు. అతని బదులు బొమ్మ వేషం కడుతుంది. అతని గొంతు వింటాం. మనిషిని మాత్రం చూడం.

ముందు బొమ్మ సంగతి చూద్దాం. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బాగా లాగి ఆరబెడతారు. అప్పుడు వెలుగు తోలులోంచి అవతలికి వస్తుంది. దానిమీద బొమ్మ గీసి రంగులు వేస్తారు. ఉలితో సన్నటి చిల్లులు కొడతారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగల్లా మెరుస్తాయి! చేతులు విడిగా చేసి దారంతో కడతారు. అందుకే అవి కదులుతాయి. కొన్ని బొమ్మలు మనిషంత ఎత్తు ఉంటాయి. పూర్వం ఆముదం దీపాలు పెట్టేవారు. తర్వాత కరెంటు బల్బులు వచ్చాయి.

ఇక ఆటగాడి పని. చేతుల్లో బొమ్మ పుల్లలు. నోట్లో పద్యం. కాళ్ల కింద చెక్క. యుద్ధం వచ్చిందంటే ఆ చెక్కను ధనధన తొక్కాలి. సీతకు, బంగారక్కకు ఇంట్లో ఆడవాళ్లు గొంతు ఇచ్చేవారు. పిల్లలు తాళం వేస్తూ నేర్చుకునేవారు. వాళ్ల బడి తెర వెనకే. అక్షరం రాని ఆటగాళ్లు కూడా తెల్లవార్లూ రామాయణం నడిపించేవారు. అదంతా విని నేర్చిన విద్యే.

వానలు పడకపోతే ఊరివాళ్లు విరాటపర్వం ఆడించేవారు. వాన సంగతి ఎలా ఉన్నా, ఆటగాళ్లకు నాలుగు గింజలు దొరికేవి. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. రాత్రంతా కూర్చునే జనం తగ్గారు.

కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఈ కళాకారుల కుటుంబాలు ఉన్నాయి. రాయలసీమలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట పేరు ఇంకా పెద్దది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారు చిన్నతనం నుంచి ఈ పనిలోనే ఉన్నారు. 2020లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు నిమ్మలకుంటలో తోలుతో ల్యాంపు షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నారు. అవి దూరదేశాలకు కూడా వెళ్తున్నాయి. కడుపు నిండే దారి దొరికింది. మంచిదే.

కానీ ల్యాంపు షేడు చేసే కుర్రాడికి ఉలి, రంగు వస్తే చాలు. పద్యం అక్కర్లేదు. గొంతు మార్చి మాట్లాడడం అక్కర్లేదు. చెక్క తొక్కే పనీ లేదు. ఆట ఆడితేనే కదా అవి వచ్చేది! కొనేవాళ్లు షేడు ధర అడుగుతారు. "మా ఊరొచ్చి ఒక రాత్రి ఆడతారా, ఏమిమ్మంటారు?" అని అడిగేవాళ్లే తక్కువ.